ముసలమ్మ సీసా

రెండో అంతస్తు, చల్లగది పక్కన
ఆగస్టు

మహారాణి ఆడపడుచు గారికి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా మనం మాట్లాడుకోం, అరుచుకుంటాం, మధ్యలో మీ అన్నయ్యకు గుండెదడ. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చింపి పారేసే ముందు చివరిదాకా చదువు.

నిన్న పత్రిక సంపాదకుడి నుంచి లేఖ వచ్చింది. నా వ్యాసంలోని ఫలితం వేరే ప్రయోగశాలలో ఎంత చేసినా రావడం లేదట. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు చెప్పడట. అతను చెప్పక్కర్లేదు, జతచేసిన ఫిర్యాదు నకలులోని "గాజు బిరడా తీసేసి రబ్బరు బిరడా బిగించి, లోపలి గాలిని నత్రజనితో తరిమేసి" అన్న ఒక్క వాక్యం చాలు. గాలిని ఎవరైనా తొలగిస్తారు. తరిమేది నువ్వొక్కదానివే. మా వంటింట్లో ఈగల్ని కూడా అలాగే తరిమేదానివి.

సంపాదకుడి కోసం రాసిన నాలుగు ముక్కలే నీకూ రాస్తున్నాను, ఎటూ మరిచిపోయినట్టున్నావు. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువైతే మనిషిని నిలువునా పడగొట్టే విషం. అదే వాయువును మన ఒళ్లు చిటికెడు చిటికెడు తనే తయారుచేసుకుంటుంది. ఎందుకు? రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌లో గంధకాలన్నీ జంటలు జంటలుగా ముడిపడి ఉంటాయి, ఒక్కటి మాత్రం ఒంటరిగా మిగిలిపోతుంది. ఈ వాయువు ఆ ఒంటరిదాని మీద ఇంకో గంధకాన్ని తగిలిస్తుంది. ఆక్సిజన్ దెబ్బలేమైనా పడితే పైది తింటుంది, లోపలిది బతికిపోతుంది. నేను చెప్పింది ఇదే. తగిలిందనడానికి సాక్ష్యం ఫిల్మ్ మీద పడ్డ నల్ల గీత. ఆ ఫిల్మ్ నీ చేతిలో పెట్టి చూపించాను.

ఏడాది తిరిగేలోపు మళ్లీ చేసి చూపించకపోతే వ్యాసం వెనక్కి పోతుంది. వ్యాసంతో పాటు ఈ గదీ పోతుంది. డైరెక్టరు ఇప్పటికే ఎవరినో పంపి టేపుతో గోడలు కొలిపించాడు. నేను బల్ల దగ్గర కూర్చుని ఉండగానే, నా కుర్చీ జరిపి మరీ కొలిచారు.

నీ కడుపుమంట చల్లారి ఉంటే ఫిర్యాదు వెనక్కి తీసుకో.

ఇట్లు,
మీ అన్నయ్యను కట్టుకున్న పాపానికి నీకు వదిన


మెట్ల కింద గది
ఆగస్టు చివర

ప్రయోగశాల అధిపతి గారికి,

అవును, నేనే. పేరు దాచమని నేను అడగలేదు, అది ఆ పత్రిక పద్ధతి. అడిగితే బల్లగుద్ది చెప్పేదాన్ని.

ఇక్కడ నాకిచ్చింది మెట్ల కింద గది. తలెత్తితే ఎవరో ఒకరి చెప్పులు టకటకలాడుతుంటాయి. అయినా బల్ల నాది, తాళం నాది. వచ్చీ రాగానే మీ ప్రయోగమే చేశాను. మీమీద ప్రేమతో కాదు, నాకు బాగా తెలిసిన పని అదొక్కటే కాబట్టి. సోడియం హైడ్రోసల్ఫైడ్ కొత్త సీసా తెప్పించాను. నీళ్లలో వేస్తే ఆ ఉప్పే వాయువును వదులుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఉప్పు తెల్లగా మెరిసిపోతోంది. గాలి చొరబడకుండా చూశాను. ప్రోటీన్ తాజాది. ఫిల్మ్ మాత్రం కడిగిన పళ్లెంలా ఖాళీ. మళ్లీ చేశాను, ఖాళీ. చేసి చేసి విసుగొచ్చాక కూర్చుని ఆలోచించాను.

మీ దగ్గర నేను ఉప్పు కలిపేదాన్ని, ప్రోటీన్ కలిపేదాన్ని. చీకటి గదిలోకి మాత్రం మీరొక్కరే వెళ్లేవారు, తలుపేసుకుని. కాసేపటికి తడి ఫిల్మ్ ఊపుకుంటూ, పెళ్లిపిలుపుకు వచ్చినవాళ్లలా నవ్వుకుంటూ బయటికొచ్చేవారు. ఆ గీత పడిందో, మీరే గీశారో, నాకెలా తెలుస్తుంది?

వ్యాసం అచ్చయ్యాక నా పేరు కోసం వెతికాను. మొదట్లో లేదు, మధ్యలో లేదు. చిట్టచివర కృతజ్ఞతల్లో దొరికింది, గాజుసామాను కడిగే ఆవిడకీ కరెంటు మేస్త్రీకీ నడుమ. ఇంకానయం, గోడమీద బల్లికి కూడా కృతజ్ఞత చెప్పలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

మీ మాజీ పనిమనిషి


రెండో అంతస్తు
సెప్టెంబరు

అమ్మాయీ,

గీశానా? నేనా? ఈ ఒక్క మాటకు నిన్ను ఎదురుగా నిలబెట్టి చెంప పగలగొట్టాలి. పోస్టు ఖర్చు పెట్టుకుని నీతో మర్యాదగా మాట్లాడుతున్నందుకు నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలి.

పేరు సంగతి. ఆ వ్యాసంలో నువ్వు రాసిన వాక్యం ఒక్కటి చూపించు. ఆలోచన నాది, లెక్కలు నావి, సంపాదకుడితో ఏడాది పాటు కుస్తీ పట్టింది నేను. చెంచాతో ఉప్పు వేసినవాళ్లందరికీ వంట చేసిన పేరు ఇస్తారా?

నీకు రావడం లేదంటే అది నీ చేతకానితనం. నాకు వచ్చింది. ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు వచ్చింది.

ఇంతదాకా వచ్చింది కాబట్టి ఇంకో మాట కూడా అడుగుతాను. నువ్వు మూడేళ్ల కిందట నా గదిలోంచి విసురుగా వెళ్లిపోయిన వారమే మీ అన్నయ్య భోజనానికి నా పక్కన కూర్చోవడం మానేశారు. బల్లకు ఆ చివరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత "గురక పెడుతున్నానేమో, నీకు నిద్ర పాడు" అంటూ పడక పక్క గదిలోకి మార్చుకున్నారు. ఆయన జన్మలో గురక పెట్టిన మనిషి కాదు. నువ్వు వెళ్తూ వెళ్తూ ఆయన చెవిలో ఏం ఊదావు? ఉద్యోగాల దగ్గర నువ్వూ నేనూ ఎంతైనా కొట్టుకోవచ్చు. నా కాపురం జోలికి ఎందుకొచ్చావు? ఈ మాట ఎవరితోనూ అనలేదు. నీతో అనాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది.

జవాబు రాయకపోయినా పరవాలేదు.

వదిన


మెట్ల కింద గది
సెప్టెంబరు చివర

వదిన గారికి,

రాయకపోతే నేనే ఊదానని ఖాయం చేసుకుంటారు, కాబట్టి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి ఒళ్లు మండి అన్నయ్యకు ఫోన్ చేశాను. మొదట ఇక్కడి వానల సంగతి అడిగాడు. తర్వాత అన్నాడు కదా: "మీ వదిన దగ్గర ఆ గుడ్డు కంపు ముందునుంచీ ఉన్నదేనే, పెళ్లినాటి నుంచీ అలవాటైపోయింది. కానీ నువ్వు వెళ్లావు చూడు, అప్పట్నుంచి ఒక్కసారిగా ఎక్కువైంది. చీరకి, జుట్టుకి, దిండుకి. తల తిరిగిపోతోంది. మొహమ్మీద చెప్తే బాధపడుతుంది, ఎలా చెప్పను?" అదీ సంగతి. మీ కాపురంలో నిప్పులు పోసింది నేను కాదు, మీ చీర. ఆ వాయువు దగ్గర ఎక్కువకాలం ఉంటే ముక్కు మొద్దుబారుతుందని నాకు మొదటిరోజే నేర్పింది మీరు. మీ ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది, అంతే.

విసురుగా వెళ్లిపోయానట! వెళ్లేరోజు నేనేం చేశానో తెలుసా మీకు? మీరు డైరెక్టరు దగ్గర కూర్చుని నామీద చాడీలు చెబుతుంటే, నేను మీ గదంతా శుభ్రం చేశాను. బల్లలు తుడిచాను, చల్లగది సర్దాను. కిటికీలో ఆ ముసలమ్మ ఉంది కదా, మీ గురువుగారి కాలంనాటి గోధుమరంగు ఉప్పు సీసా, దాని బిరడా సగం ఊడి వేలాడుతోంది. లోపల ఉప్పు పాతబడి పసుప్పచ్చగా, పాచిపట్టిన పన్నులా ఉంది. అదంతా పారబోసి, సీసా కడిగి ఆరబెట్టి, కొత్త ఉప్పు నింపాను. రబ్బరు బిరడా పెట్టి, నత్రజని ఊది, చల్లపెట్టెలో దాచాను. చీటీ కూడా పాతదే ఉంచాను, మీరు గురువుగారి చేతిరాత చూసుకుని మురుస్తారని. వెళ్లగొట్టినవాళ్లకు ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? మీనుంచి ఒక్క థాంక్స్ కూడా లేదు.

ఇంకొకటి. "ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు వచ్చింది" అన్నారు. మరి మూడేళ్లుగా రెండో వ్యాసం ఏది?

ఆడపడుచు


రెండో అంతస్తు
అక్టోబరు

ఉత్తరం అందింది. తిట్లకు తర్వాత జవాబిస్తాను. ముందు నా ప్రశ్నలకు జవాబు చెప్పు.

పాత ఉప్పు కచ్చితంగా పచ్చగా ఉందా? అందులో పిసరంత కూడా మిగల్చలేదా? కొత్తదాని కంపు పాతదానికన్నా ఎక్కువా?

నీ ఎత్తిపొడుపుకు జవాబు ఇది. రెండో వ్యాసం లేదు, ఎందుకంటే నువ్వు వెళ్లినప్పటినుంచి నాకు ఒక్క గీతా పడలేదు. మూడేళ్లు. ఈ మాట సంపాదకుడికి రాయలేదు, మీ అన్నయ్యకు చెప్పలేదు. నువ్వు కలిపినప్పుడు వచ్చేది, నేను కలిపితే రావడం లేదు. నీ హస్తవాసి అనుకున్నాను. చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠం చెప్పేదాన్ని, హస్తవాసి అనుకున్నాను! నిన్ను వెనక్కి పిలుద్దామని ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని. ఆ కృతజ్ఞతల వాక్యం గుర్తొచ్చి పెట్టేసేదాన్ని. నువ్వు నవ్వుతావని.

నీళ్లలో కలిపితే ఇదివరకు లేత పసుపుగా ఉండేది, తర్వాత రంగు లేకుండా పోయింది. గమనించాను. ఆ నెలలోనే గదిలో పాత బల్బులు తీసి తెల్ల ట్యూబులైట్లు వేశారు. దీపం మారింది కాబట్టి రంగు అలా కనిపిస్తోందని సరిపెట్టుకున్నాను. సీసా చల్లపెట్టెలో, రబ్బరు బిరడాతో కనిపిస్తే నీ సర్దుడు పిచ్చి అనుకున్నాను, లోపల ఉప్పే మారిందని తట్టలేదు. పైగా గురువుగారి ఉప్పు ఎక్కడ అయిపోతుందోనని చెంచా కొసతో తీసి, మళ్లీ బిరడా బిగించి, కంటికి రెప్పలా కాపాడుకున్నాను. అంత జాగ్రత్తగా చూశాను కాబట్టే అది తెల్లగానే ఉండిపోయింది.

ప్రశ్నలకు జవాబు రాయి. తొందరగా.


మెట్ల కింద గది
నవంబరు

వదినా,

వారాల తరబడి రాయలేదని తిట్టుకుని ఉంటారు. తిట్టుకోండి.

పచ్చగానే ఉంది. పిసరు కూడా మిగల్చలేదు. నేను ఏదైనా కడిగితే మిగలదని మీకు తెలుసు. కంపు విషయానికొస్తే కొత్తదాని పక్కన పాతది నయం. బిరడా ఊడి ఉన్న సీసాలోంచి వాయువు చాలావరకు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. అంటే అన్నయ్యను పక్క గదిలోకి పంపింది నా కొత్త ఉప్పన్నమాట. దీనికి మాత్రం క్షమాపణ చెబుతాను. మిగతా దేనికీ చెప్పను.

పాత ఉప్పు లేదు కాబట్టి తయారుచేశాను. కొత్త సీసాలోంచి కొంత తీసి, మూత లేని గిన్నెలో పోసి, పొగలు లాగే హుడ్ కింద ఓ మూల వదిలేశాను. పరమ బద్ధకస్తుల్లా, అచ్చం మీ గదిలో వదిలేసినట్టే. రోజులు గడిచేకొద్దీ అంచుల్లో పసుపు తిరిగింది, తర్వాత మధ్యదాకా పాకింది. దాన్ని కలిపి, అదే ప్రోటీన్‌కు పోసి, ఈసారి చీకటి గదిలోకి నేనే వెళ్లాను.

గీత పడింది వదినా. నల్లగా, కాటుక పెట్టినట్టు. పక్కనే తెల్ల ఉప్పు వేసిన చోట ఏమీ లేదు.

ఎర్రదీపం కింద నిలబడి చాలాసేపు మిమ్మల్ని తిట్టుకున్నాను. మీరు మోసం చేసి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! మూడేళ్లు ఆ నమ్మకం మీదే బతికాను. మీరు మోసం చేయలేదు. కానీ మీ వ్యాసం తప్పు.

గాలి తగిలితే ఆ ఉప్పులోని గంధకాలు ఒకదానికొకటి తగులుకుని గొలుసులు కడతాయి, పసుపు రంగు వాటిదే. ప్రోటీన్ మీద రెండో గంధకాన్ని ఎక్కించింది ఆ గొలుసులు. వాయువు కాదు. వాయువుకు ఆ పని చేతకాదు, ఎందుకంటే దానిలోని గంధకానికీ ప్రోటీన్‌లోని ఒంటరి గంధకానికీ గుణం ఒకటే: రెండూ ఎలక్ట్రాన్లు ఇచ్చేవే, పుచ్చుకునేది లేదు. పక్కపక్కనే కూర్చుంటాయి తప్ప ముడిపడవు. ఇది మీకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యం. నాకు తట్టకపోవడం ఇంకా ఆశ్చర్యం.

ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటారా? ఇప్పుడు అసలు తీసుకోలేను. మీరే చెప్పండి ఏం చేస్తారో.

మరదలు


రెండో అంతస్తు
డిసెంబరు

నీ ఫిల్మ్ అందింది. కిటికీకి ఆనించి చూశాను. గీత కాస్త వంకర, నీకు ప్రోటీన్‌ను పారించే జెల్ పోయడం ఇంకా సరిగా రాదు. కానీ గీతే.

వ్యాసం నేనే వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లు లాగేదాకా కూర్చోను. డైరెక్టరుకు చెప్పాను. ముఖం అంత చేసుకుని "అయ్యో" అన్నాడు, మర్నాడే తాళాలు అడిగాడు.

తాళాలిచ్చే ముందు ఒక పని చేశాను. రెండూ ఇచ్చేవే, పుచ్చుకునేది లేదు అని రాశావు కదా. ఆ మాట రెండు రోజులు నా చెవిలో జోరీగలా తిరిగింది. మన ఒంట్లో గాలి తగిలి పసుపెక్కే సీసాలు లేవు. మరి ఒంట్లో ఆ గంధకం ప్రోటీన్ మీదికి ఎలా ఎక్కుతోంది? ఒంట్లో ఉన్నవి దెబ్బలు. అందుకని ప్రోటీన్‌ను ముందు దెబ్బతీశాను. పుండు మీద పోస్తే నురగ వచ్చే మందే, హైడ్రోజన్ పెరాక్సైడ్, అతి పలుచగా. ఒంటరి గంధకం మీద ఆక్సిజన్ ఎక్కి, ఇచ్చేది కాస్తా పుచ్చుకునేదైంది. మిగిలిన మందునంతా తీసేసి, అప్పుడు నీ తెల్ల ఉప్పు, నీ రబ్బరు బిరడా, నువ్వు తరిమే నత్రజని. చీకటి గదిలోకి డైరెక్టరును కూడా లాక్కెళ్లాను, నేనే గీశానన్న మాట ఇంకోసారి పడకుండా.

గీత పడింది. దెబ్బ తినని ప్రోటీన్ జోలికి వాయువు పోలేదు. దెబ్బ తిన్నదాన్నే పట్టుకుంది. పట్టుకున్నాక ఆ పై గంధకాన్ని మళ్లీ తీసేస్తే, లోపలిది మొదట ఎలా ఉందో అలాగే ఉంది. నేను మొదటినుంచీ అన్నది నిజమే, దారే తప్పు.

పత్రికకు రాసిన ప్రకటన నకలు పంపుతున్నాను. ముఖ్యమైన వాక్యం ఇది: "వాడిన ఉప్పు పాతబడి అందులో గంధకపు గొలుసులు ఏర్పడ్డాయి. తరువాత ఆ సీసాలోకి కొత్త ఉప్పు చేరింది. ఈ మార్పును గమనించకపోవడం పూర్తిగా నా పొరపాటు." నీకు ఎక్కడా ఇబ్బంది రాకుండా రాశాను. పరాయి చోట ఉద్యోగం చేసుకుంటున్నదానివి.

మీ అన్నయ్య కోసం తలకు రెండుసార్లు పోసుకుని, బట్టలు వేరే గదిలో మార్చుకుని వస్తున్నాను. నిన్న బల్ల మధ్యదాకా వచ్చారు.

వదిన


మెట్ల కింద గది
డిసెంబరు, అదే వారం

వదినా,

"కొత్త ఉప్పు చేరింది" అట. చేరిందా? దానంతట అది నడిచొచ్చి, బిరడా తీసుకుని, లోపల పడుకుందా?

ఎవరడిగారు మిమ్మల్ని నన్ను కాపాడమని? ఆ ముసలమ్మను కడిగింది నేను. కొత్త ఉప్పు నింపింది నేను. నేను నింపకపోతే మీరు ఇవాళ్టికీ ఆ పాచి ఉప్పుతో గీతలు పడేయించుకుంటూ, వాయువు, వాయువు అని దేశమంతా ఉపన్యాసాలు చెప్పుకుంటూ తిరిగేవారు. మీ వెనకాల ఇంకో పదిమంది తప్పు దారిలో నడిచేవాళ్లు. ఆ తప్పు బయటపడిందంటే నా చేతివల్ల. తెలిసి చేయలేదు, ఒప్పుకుంటాను. మీరు మాత్రం తెలిసి ఏం చేశారు?

మంచి జరిగినప్పుడు నన్ను మేస్త్రీ పక్కన కూర్చోబెట్టారు. చెడు జరిగినప్పుడైనా నా పేరు పెడతారనుకున్నాను. అక్కడా లేదు! అంతా మీదే. ఫలితం మీదే, పొరపాటూ మీదే, చివరికి గొప్పమనసూ మీదే. నాకేం మిగిల్చారు?

ఇబ్బంది వస్తే నేను పడతాను. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. ఆ వాక్యం మార్చండి. మార్చకపోతే సంపాదకుడికి మీమీద ఇంకో ఫిర్యాదు పెడతాను, ఈసారి నా పేరుతో, పెద్ద అక్షరాల్లో.

కోపంతోనే,
మరదలు


వరండా చివర, నీళ్ల కుళాయి పక్కన
జనవరి

మరదలా,

గది పోయింది. పై చిరునామా చూసే ఉంటావు. వరండా చివర రెండు బల్లలు వేయించి, చుట్టూ చెక్క అడ్డం పెట్టించారు. చేతులు కడుక్కోవడానికి వచ్చే ప్రతివాడూ నా ఫిల్ములవైపు తొంగి చూస్తాడు. ఒకడు నిన్న ఎక్స్‌రేనా అని అడిగాడు.

వాక్యం మార్చాను. ఇప్పుడు ప్రకటన నీ పేరుతోనే మొదలవుతుంది. ఇంటిపేరుతో సహా. ఉప్పు మార్చింది నువ్వు, మార్చడం వల్లే నా తప్పు బయటపడింది, పసుపు ఉప్పుతో మొదట నిరూపించిందీ నువ్వే అని ఉంది. నా పేరు తర్వాత వస్తుంది. సంపాదకుడు ఆశ్చర్యపోయి రాశాడు, పొరపాటులో తన పేరు లేదని పోట్లాడేవాళ్లను ఇంతవరకు చూడలేదట. మా ఇంట్లో అందరూ అంతే అని జవాబిచ్చాను.

నీమీద కోపం పోలేదు. నేనే గీశానన్న నీ మాట చచ్చేదాకా మరిచిపోను, నువ్వూ ఆ మేస్త్రీని మరిచిపోకు.

దెబ్బతిన్న ప్రోటీన్ మీద కొత్త వ్యాసం రాయాలి. నా గీత ఒక్కటే చాలదు, ఇంకో చేతితో కూడా రావాలి. రెండో బల్ల ఖాళీగా ఉంది. నిన్ను రమ్మనడం లేదు. ఖాళీగా ఉందని చెబుతున్నాను, అంతే.

వస్తే నీ రబ్బరు బిరడాలు నువ్వే తెచ్చుకో.

వదిన